గురిగింజంత ఎర్ర లాంపు

కల్వకుర్తి నుంచి జడ్చర్ల దాకా ఏ బాయి గట్టున ఆగి అడిగినా సరే, ఈ కథలో కల్పించి చెప్పిన ముక్క ఒక్కటి కూడా లేదనే అంటారు. నమ్మకపోతే మీసం మీద ఒట్టు. కథలు చెప్పేవాళ్లు గోరంతను కొండంత చేస్తారని లోకంలో ఒక అపవాదు ఉంది. ఇక్కడ ఆ బేరం లేదు. జరిగిందే కొండంత జరిగింది, కాబట్టి చెప్పడం కూడా కొండంతే.

జాగీర్లు పోయిన కొత్తలో ఒక జాగీర్దారు తన కారు అమ్ముకున్నాడు. కొన్నవాడు కల్వకుర్తిలో ఆముదాల వ్యాపారం చేసే దశరథం సేటు. నల్లటి కారు. ఉబ్బిన పొట్ట, ముందు చక్రాల మీద కొమ్ముల్లా వంగిన రేకులు. అది ఇంటి ముందుకొచ్చిన మొదటి పూటే వాడకట్టు ఆడవాళ్లు దానికి నల్లబర్రె అని పేరు పెట్టేశారు. సేటుకు ఆ పేరు గిట్టలేదు. కానీ కారునైతే కొనొచ్చు గానీ వాడకట్టు నోళ్లను కొనలేం కదా.

ఆ కారులో ఇంకెవరి కారులోనూ లేని వింత ఒకటుంది. ఇంజను ముందర నీళ్లు పోసే డబ్బా ఉంటుంది చూడండి, రేడియేటరంటారు దాన్ని. అందులో జాగీర్దారు ఎవరో పట్నం పనివాడి చేత చిన్న జీలుగు బెండు వేయించాడు, బాసింగాలకు వాడే బెండు లాంటిదే. డబ్బా నిండుగా ఉంటే బెండు పైన తేలుతుంది. నీళ్లు తగ్గితే బెండు కిందికి దిగి ఒక రాగితీగను తాకుతుంది. తాకగానే డ్రైవరు ఎదుట పలకలో గురిగింజంత ఎర్ర లాంపు వెలుగుతుంది. "నీళ్లు తక్కువైనయి, దిగి పోయిరా నాయినా" అని కారు తనే అడిగినట్టన్నమాట.

ఆ కారుకు డ్రైవరు ఐలేశం. అంతకుముందు అతను సేటు ఆముదాల బస్తాలను ఎడ్ల బండి మీద తోలేవాడు. జాగీర్దారు పాత డ్రైవరు పక్కన కొన్నాళ్లు కూర్చుని స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. సేటు అతనికి ఖాకీ కోటు, ఖాకీ టోపీ కుట్టించాడు. టోపీ పెట్టిన రోజు నుంచి ఊళ్లో "ఒరే ఐలిగా" అనే పిలుపు పోయి "డ్రైవర్ సాబ్" అనే పిలుపు వచ్చింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఐలేశం నడుము తనంతట తనే నిలువుగా అయ్యేది.

టోపీ కొత్తదే గానీ లోపలి తలకాయ మాత్రం బండి తోలినవాడిదే. పొద్దంతా లాగిన ఎద్దుకు సాయంత్రం కడుపునిండా నీళ్లు తాపాలి. పొద్దున కాడి కట్టబోయే ముందు మాత్రం నీళ్లు తాపకూడదు, తాపితే తొవ్వలో కూలబడుతుంది. ఇది ఐలేశం తాత చెప్పిన మాట. కారు విషయంలోనూ అతను ఆ మాట దాటలేదు. సాయంత్రం కారును సేటు ఇంటి పక్క కొట్టంలో నిలబెట్టి, ఇంజను కాస్త చల్లబడ్డాక రేడియేటరు మూత తీసి అంచుదాకా నీళ్లు పోసి, మూత బిగించి, వీపు మీద ఒక్క చరుపు చరిచి ఇంటికి పోయేవాడు. పొద్దున వచ్చి ఆ మూత ముట్టుకునేవాడు కాదు.

"నీళ్ల సంగతి నన్నడుగుండ్రి" అని బస్టాండు కాడ చెప్పేవాడు. "మంచానికి తలకాయ ఆనించకముందే నా బండి కడుపు నిండుతది."

ఎండలు ముదిరాక ఒక పొద్దున సేటు జడ్చర్ల బయల్దేరాడు. ఐలేశం ముందు నిలబడి హ్యాండిలు తిప్పాడు. ఇంజను అందుకుంది. వచ్చి సీట్లో కూర్చుంటే ఎదురుగా లాంపు ఎర్రగా వెలుగుతోంది.

వెనక సీట్లోంచి సేటు ముందుకు వంగాడు. "గదేంది ఐలేశం, కన్నెర్ర జేస్తాంది?"

"నిద్ర సాలలేదు సేటూ దానికి. నిన్న మాపటికే కడుపు నిండ పోసిన. జర తొవ్వెక్కినంక అదే సల్లవడతది."

చల్లబడలేదు. మిడ్జిల్ ఇంకా రాకముందే మూత సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది. రేగడి మీద నీడ లేదు, నీళ్లు లేవు. కంటికి ఆనినంత దూరంలో ఒక్కటే మోట బాయి. దాని గట్టున నర్సింగమ్మ అనే ఆడమనిషి ఎడ్లను తోలుతూ మోట కొడుతోంది. మొగవాళ్ల పని అని ఊరంతా అన్నా ఆ తోలు బొక్కెనను ఆమె ఎవరి చేతికీ ఇవ్వలేదు.

పొగలు కక్కే కారును చూసి ఆమె ఎడ్లను ఆపింది. "బర్రెకు జొరమొచ్చినట్టున్నది."

"బర్రె గాదక్కా, కారు" అన్నాడు ఐలేశం డబ్బా పట్టుకుని.

"నల్లగున్నది, కొమ్ములున్నయి, నురుగు కక్కుతాంది. నా కంటికైతే బర్రెనే."

"నీళ్లు పోస్తవా, పంచాయితి పెడ్తవా?"

"పోస్త. కని నా ఎడ్లు పొద్దుటికెళ్లి అలిసినయి. గా వెనక కూసున్న పెద్దమనిషిని దిగుమను. మోట తాడు మీద కూసుంటే ఎడ్లకు దిగుడు అల్కగయితది."

మోట లాగేటప్పుడు ఎడ్లు బాయి నుంచి పల్లానికి దిగుతాయి. తాడు మీద బరువున్న మనిషి కూర్చుంటే వాటి పని సగం అవుతుంది. సేటు బరువున్న మనిషే, అందులో వాదం లేదు. కోటు, కండువా, వేలికి ఉంగరం, అన్నీ ఉన్న దశరథం సేటు చేసేదిలేక మోట తాడు మీద కూర్చున్నాడు. ఎడ్లు పల్లానికి దిగాయి. సేటు కూడా దిగాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ దిగాడు. జడ్చర్ల నుంచి కల్వకుర్తి పోయే బస్సు ఆ తొవ్వనే వచ్చింది. అందులో కల్వకుర్తి వాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, "దండం సేటూ" అని మర్యాదగా చేతులెత్తారు.

తిరుగు తొవ్వలో సేటు కోటుకంటిన బురద దులుపుకుంటూ కూర్చున్నాడు. ఊరు దగ్గరపడ్డాక నోరు విప్పాడు.

"ఐలేశం, అమాస పోయినంక మా వియ్యంకుడు వస్తుండు. బిడ్డ పెండ్లప్పుడు మన బండి గింత బండి అంత బండి అని ఆయనకు గొప్పలు చెప్పుకున్న. జడ్చర్ల టేషన్ల దిగుతడు. ఆయన కూసున్నప్పుడు ఇది తొవ్వల ఆగిందనుకో, మల్లనాడే అమ్ముత. నువ్వు మల్ల ఆముదాల బండి తోలు."

"ఆగది సేటూ" అన్నాడు ఐలేశం. నోరైతే అంది గానీ లోపల బెండు కిందికి దిగింది.

ఇంటికి వెళ్తే భార్య యాదలక్ష్మికి సంగతి అప్పటికే తెలిసిపోయింది. బస్సు ముందే వచ్చింది కదా. ఆమె ఖాకీ టోపీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీ టోపీ ఉతికిపెట్టాల్నా, దాసిపెట్టాల్నా?"

"నీకు నవ్వులాటగున్నది."

"నేనేం నవ్వుతలే. సేటు మోట తాడు మీద ఎట్ల కూసున్నడో జర జెప్పు, అప్పుడు నవ్వుత."

మర్నాడు ఐలేశం కారును బస్టాండు పక్కన రేకుల షెడ్డుకు తీసుకుపోయాడు. అక్కడ ఇస్రాయేలు అనే మేస్త్రీ లారీలు బాగుచేస్తాడు. ఇస్రాయేలు బండిని చూసే తీరు వైద్యుడు నాడి చూసినట్టు ఉంటుంది. కళ్లు మూసుకుంటాడు, ఇంజను మీద అరచెయ్యి పెడతాడు, పెదవులు కదుపుతాడు. ప్రార్థన చేస్తున్నాడో లెక్క కడుతున్నాడో ఎవరికీ తెలియదు.

రబ్బరు గొట్టాలను పిసికి చూశాడు, చీలిక లేదు. ఫ్యాను పట్టాను లాగి చూశాడు, బిగుతుగానే ఉంది. ఆయిలు పుల్ల తీసి చూశాడు, ఆయిల్లో నీళ్లు కలవలేదు. కిందికి దూరి డబ్బా అడుగంతా వేలితో తడిమాడు, ఎక్కడా చెమ్మ లేదు. చివరికి లాంపు మీద అనుమానం వచ్చి, నీళ్లు పోయించి చూశాడు. లాంపు ఆరింది. కొన్ని నీళ్లు తీయించాడు. వెలిగింది.

"లాంపు అబద్ధమాడ్తలేదన్నా" అన్నాడు ఇస్రాయేలు చేతులు తుడుచుకుంటూ. "నీళ్లే యాడికో పోతున్నయి."

"యాడికి పోతయి? మాపటికి పోస్తున్న, పొద్దుగాలకు లేవు. రాత్రంత బండి నిలవడ్డకాడనే ఉంటది."

"అయితే నిలవడ్డకాడనే పోతున్నయి. ఇయ్యాల మాపటికి బండి కింద బూడిద జల్లు. సుక్క పడ్డా తెల్లారేసరికి మచ్చ కనవడతది."

ఉపాయం మంచిదే. ఐలేశం ఆ సాయంత్రం రేడియేటరు నింపి, కొట్టంలో కారు ముక్కు కింద మెత్తటి పొయ్యి బూడిద పలచగా పరిచి వెళ్లాడు. తెల్లారి వచ్చేసరికి బూడిద లేదు. ఆ జాగా అంతా ఊడ్చి, పేడనీళ్ల సాంపి చల్లి అద్దంలా ఉంది. పక్కన చీపురు పట్టుకుని సేటు తల్లి అండాలమ్మ నిలబడి ఉంది.

అండాలమ్మ ముసలావిడ. మొగుడు పోయి చాలా ఏళ్లయింది. చలికాలమంతా మోకాళ్ల నొప్పులతో అరుగు మీదే కూర్చుని, "సచ్చిపోతే బాగుండు, కని లేసి పోదామన్నా మోకాళ్లు రావాయె" అని గొణిగేది. ఇంటినిండా ఆముదాలే, గానుగలో ఆడించిన ఆముదమే. ఎంత రాసినా ఆ మోకాళ్లు వినలేదు.

"ఇంట్ల బూడిద పోసిందెవ్వడు రా?" అంది ఆమె. "శని పట్టదా?"

"గది పరీక్ష అవ్వా."

"పరీక్షలు బడిల పెట్టుకో. నా కొట్టంల పెట్టకు."

అని చీపురు మూలన పారేసి, కాలువ దాటి, దొడ్లోకి చకచకా వెళ్లిపోయింది. చేతిలో కర్ర లేదు. ఆ కర్ర దొడ్లో బీరపాదుకు గుంజయి చాలా రోజులైంది. ఐలేశం ఆ కర్రనూ చూశాడు, దాని మీద పాకిన బీరతీగనూ చూశాడు. చూసి, బీరకాయలు బాగా కాసేట్టున్నాయి అనుకున్నాడు. అంతకుమించి ఒక్క అడుగు కూడా ముందుకు ఆలోచించలేదు.

లోపల లాంపు వెలుగుతూనే ఉంది. ఆ రోజు సేటుకు ఆమనగల్లు పని పడింది. ఐలేశం లాంపు మీదికి ఒక వేపమండ వేలాడదీశాడు.

"గిదెందుకు?" అన్నాడు సేటు.

"దిష్టికి సేటూ."

దిష్టి పోయిందో లేదో గానీ, ఆమనగల్లు ఇంకా చాలా దూరం ఉందనగానే బర్రె బుస్సుమంది. వేపాకు ఉడికిన వాసన వచ్చింది. ఈసారి మోట బాయి కూడా లేదు. దారినపోయే గొర్లకాపరి బీరన్న తన తోలుతిత్తిలో నీళ్లు సగం పోసి, "మీ బర్రె కన్న నా గొర్లు నయం. నడుసుకుంటనన్న పోతయి" అని ఓదార్చి పోయాడు. కారు దిగేటప్పుడు సేటు ఐలేశం నెత్తిమీది టోపీ వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపు తిట్టుకన్నా బరువుగా తగిలింది.

అమావాస్య వచ్చి పోయింది. ఐలేశానికి అన్నం సయించడం లేదు. వియ్యంకుడు దిగే రోజుకు ముందు రోజు మధ్యాహ్నం మళ్లీ రేకుల షెడ్డుకు పోయి ఇస్రాయేలు ముందు కూలబడ్డాడు.

"రేపే. ఏదన్న ఒక మందు జెప్పు."

ఇస్రాయేలు అరచెయ్యి ఇంజను మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి తెరిచాడు. "కంటికి కనవడని సన్న కంత ఉన్నట్టున్నది. నీళ్లు కారుడు గాదు, ఆవిరోలె పోతున్నయి. లారీలోళ్లు జేసే పని ఒకటున్నది. పసుపు."

"పసుపా?"

"మెత్తటి పసుపు దోసెడు నీళ్లల్ల కలిపి పోస్తే, పోయి కంతల కూసుంటది. కంత మూసుకపోతది. మనిషికి దెబ్బ తాకితే పెడ్తలేమా? గంతే."

ఐలేశం ఇంటికి పరుగెత్తాడు. యాదలక్ష్మి పసుపు డబ్బా పట్టుకుని వదల్లేదు.

"కారుకు పెండ్లా?"

"పెండ్లి గాదు, వైద్యం. ఇయ్యి."

"ఇంత పసుపు నా పెండ్లికి సుత మీ అవ్వ తేలేదు" అంటూనే దోసెడు కొలిచి ఇచ్చింది. మొగుడి ముఖం చూశాక ఇంకొంచెం కూడా వేసింది.

ఆ సాయంత్రం కారును కొట్టంలో పెట్టి, పసుపు కలిపిన నీళ్లు రేడియేటరులో పోసి, ఇంజనును కాసేపు ఆడనిచ్చి, ఆపి, మళ్లీ అంచుదాకా నింపాడు. కొబ్బరికాయ కొట్టాడు. ఇంకా చెయ్యడానికి ఏమీ మిగలలేదు కాబట్టి కారు వీపు మీద చరిచి, "నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది" అని చెప్పి ఇంటికి పోయాడు.

తెల్లవారింది. ఐలేశం ఉతికిన టోపీ పెట్టుకుని వచ్చి హ్యాండిలు తిప్పాడు. ఇంజను అందుకుంది. సీట్లో కూర్చోకుండా కిటికీలోంచే తొంగి చూశాడు.

ఎర్రగా, గురిగింజలా, హాయిగా వెలుగుతోంది.

ఇంజను ఆపేసి కారు మెట్టు మీద కూర్చున్నాడు. లోపల సేటు కోటు వేసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆముదాల బండి ఎడ్లకు కొత్త తలుగు తాళ్లు కొనాలేమో అని కూడా అనుకున్నాడు.

అప్పుడే అండాలమ్మ పెరటి వైపు నుంచి వచ్చింది. వాకిట్లో అప్పుడే చల్లిన సాంపి తడి ఉంది. తడి అంటకుండా చీరను కాస్త పైకెత్తి, పడుచుపిల్లలా ఒక్క గంతు వేసి దాటింది. ఐలేశం ఆమె కాళ్లు చూశాడు. మడమ నుంచి మోకాలి దాకా పచ్చగా, పెళ్లిపీటల మీద కూర్చోబోయే పిల్ల కాళ్లలా మెరుస్తున్నాయి.

మొగుడు పోయిన ముసలావిడ కాళ్లకు పసుపు.

అండాలమ్మ గబుక్కున చీర దించింది. "ఏం సూస్తవు రా? నాకే ఎరుకలేదు ఏడికెళ్లి అంటిందో. రాత్రికెళ్లి సున్నిపిండి వెట్టి రుద్దుతున్న, పోతలేదు. వాడకట్టోళ్లు సూస్తే ఏమంటరు? ముసల్ది మల్ల పెండ్లికి తయారైందంటరు. గా పోయినాయన పైకెళ్లి సూసి పడిపడి నవ్వుతుండొచ్చు."

ఐలేశం మెల్లగా లేచాడు. "అవ్వా, నిన్న మాపటికి కాళ్లు ఏ నీళ్లతోని కడుక్కున్నవు?"

"నీళ్లకేం తక్కువ, నీళ్లతోనే కడుక్కున్న."

"యాడి నీళ్లు?"

అండాలమ్మ ఇంటి గుమ్మం వైపు ఒకసారి చూసి, దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "కొడుకుకు చెప్పకు బిడ్డా. బర్రె ఇంటికొచ్చినంక పిండకపోతే పొదుగు సలుపుతదా, సలపదా? నువ్వేమో మాపటికి దాని కడుపు నింపి పోతివి. అది పొద్దుగూకెదాంక సిటసిట మనుకుంట ఏడుస్తది. పాపమనిపించి ఒకనాడు కిందికి వంగి సూస్తే పిత్తడి నల్లా ఒకటున్నది. తిప్పిన. ఉడుకుడుకు నీళ్లు బిందెల కారినయి. పొయ్యి లేదు, పొగ లేదు, కట్టెపుల్ల కాలలేదు. ఇనుము వాసన, ఎర్రటి నీళ్లు. మోకాళ్ల మీద పోసుకున్న. ఇగ ఏం జెప్పాలె, పానం లేసొచ్చింది."

"ఒక్క సుక్క సుత కింద పడనియ్యలేదు గదవ్వా."

"మందు నీళ్లను ఎవలన్న ఒలకపోస్తరా?"

"ఎన్నొద్దుల సంది?"

"మోకాళ్లు లేసి నడిసినకాడికెళ్లి."

ఐలేశం వెళ్లి రేడియేటరు మూత తీశాడు. కారు వచ్చిన నాటి నుంచి పొద్దుటి పూట ఆ మూత తీయడం అదే మొదటిసారి. వేలు పెడితే నీళ్లు తగల్లేదు. చెయ్యి పెట్టినా తగల్లేదు. ఇన్నాళ్లూ ఏ ఒక్క పొద్దున ఈ మూత తీసినా మోట తాడు లేదు, వేపమండ లేదు, పసుపు లేదు. తాను దాన్ని ఎద్దనుకున్నాడు, ముసలావిడ బర్రె అనుకుంది. కారు అని అనుకున్నవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేకపోయారు.

సేటు గుమ్మంలోకి వచ్చాడు. కోటు బొత్తాలన్నీ పెట్టుకుని ఉన్నాడు. "ఏమైంది? మల్ల ఎర్రగయిందా?"

అండాలమ్మ చీర అంచును నేల మీద ఆనేదాకా దించుకుని, దొంగతనంగా బెల్లం తిన్న పిల్లలా ఐలేశం ముఖంలోకి చూసింది. ఒక్క మాట చెబితే చాలు, నింద మొత్తం అతని మీద నుంచి దిగిపోతుంది. టోపీ దక్కుతుంది. ముసలావిడ మళ్లీ అరుగెక్కి కర్ర అడుక్కుంటుంది.

"తప్పు నాదే సేటూ" అన్నాడు ఐలేశం. "పొద్దుగాల మూత తీసి సూసే అలవాటు నాకు లేకుండె. ఎద్దు లెక్క అనుకున్న."

"అంటే గిన్ని రోజులు..."

"అవును సేటూ. నీళ్లు పోస్తే అయిపోయేదానికి పసుపు పోసిన."

"పసుపేంది?"

"గది మల్ల జెప్త."

సేటు తిట్టబోయి, రైలు టైము గుర్తొచ్చి మానేశాడు. అండాలమ్మ తానే గంగాళంలోంచి బిందె ముంచి తెచ్చి ఇచ్చింది. ఐలేశం అంచుదాకా పోశాడు. లాంపు ఆరింది.

"తొవ్వల ఆగితే?" అన్నాడు సేటు ఎక్కుతూ.

"ఆగితే టోపీ మీ చేతుల వెట్టి, మీ ఇద్దర్ని నా వీపు మీద మోసుకొస్త."

ఆగలేదు. జడ్చర్ల పోయింది, వియ్యంకుడు ఎల్లస్వామిని ఎక్కించుకుంది, తిరిగి బయల్దేరింది. నర్సింగమ్మ బాయి దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎడ్లను ఆపి, చెయ్యెత్తి కేకేసింది. "సేటూ, తాడు ఖాళీగనే ఉన్నది."

"ఎవలు బావా ఆమె?" అన్నాడు ఎల్లస్వామి.

"మనకు ఆముదాలు అమ్మే ఆమె" అన్నాడు సేటు, అవతలి పక్క పొలాలు చూస్తూ. "ఐలేశం, జర తొందరగ పోనియ్యి."

కారు కల్వకుర్తిలో ఇంటి ముందు ఆగింది. సేటు వియ్యంకుడు వచ్చాడని వాడకట్టంతా వాకిళ్లలో నిలబడింది. ఎల్లస్వామి ఒక కాలు కింద పెట్టి, రెండో కాలు పెట్టలేక, "అబ్బా" అని తలుపు పట్టుకున్నాడు. రైల్లో చెక్క బల్ల మీద కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేశాయట. ఇద్దరు మనుషులు సాయం పడితే అరుగు దాకా వచ్చాడు.

అండాలమ్మకు ఇక ఆగబుద్ధి కాలేదు. మోకాలి బాధ తెలిసిన మనిషికి మోకాలి బాధ కనిపిస్తే కొడుకు పరువు గుర్తుంటుందా?

"జర కూసో నాయినా, నీకు మందు నీళ్లు తెస్త" అని బిందె పట్టుకుని నేరుగా కారు దగ్గరికి పోయింది. వియ్యంకుడు చూస్తుండగా, సేటు చూస్తుండగా, వాడకట్టంతా చూస్తుండగా, కారు ముక్కు కిందికి వంగి నల్లా తిప్పింది. లోపల ఇంకా మిగిలిన పసుపుతో కలిసి, పొగలు చిమ్ముతూ పచ్చటి నీళ్లు బిందెలోకి కారాయి. బిందె నిండాక నల్లా కట్టేసి, చన్నీళ్లు కలిపి తెచ్చి వియ్యంకుడి మోకాళ్ల మీద చెంబుతో పోయసాగింది.

ఎల్లస్వామి ముందు బిత్తరపోయాడు. రెండో చెంబుకు కళ్లు మూసుకున్నాడు. బిందె అయిపోయేసరికి, "బావా, నీ బండి మంచిదే అని అప్పుడు చెప్తివి. గింత మంచిదని చెప్పలే" అన్నాడు.

సేటు అరుగు మీంచి లేచి కొట్టం పక్కన నిలబడ్డ ఐలేశం దగ్గరికి వచ్చాడు. ఐలేశం ఆకాశంలో ఎగిరే గద్దను శ్రద్ధగా చూస్తున్నాడు.

"నీకు ఎరికేనా?"

"పొద్దుగాలనే ఎరుకైంది సేటూ."

"మరి తప్పు నాదే అంటివి."

"నాది సుత ఉన్నది గద. మూత తీయకపోవుడు నాదే. అవ్వ మోకాళ్లు మల్ల వట్టుకుంటే, అది ఎవలది?"

సేటు తల్లి వైపు చూశాడు. ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకుని గుమ్మం మెట్లు ఎక్కుతోంది. గోడ పట్టుకోవడం లేదు.

"అమ్ముతరా మరి?" అన్నాడు ఐలేశం, గద్ద మీంచి చూపు దించకుండానే.

"దీన్ని అమ్మితే మా అమ్మ నన్ను అమ్ముతది" అన్నాడు సేటు. తర్వాత ఐలేశం నెత్తిమీద వంకరగా ఉన్న టోపీని తానే సరిచేసి లోపలికి పోయాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఏర్పడింది. సాయంత్రం కారు నీళ్లు అండాలమ్మవి, పొద్దుటి నీళ్లు ఐలేశంవి. ఒకరి వేళలో ఒకరు చెయ్యి పెట్టకూడదు. వాడకట్టులో మోకాళ్లున్న ముసలమ్మలంతా పొద్దుగూకే వేళకు చెంబులు పట్టుకుని కొట్టం ముందు కూర్చునేవాళ్లు. కారు ఆలస్యమైతే, "బర్రె ఇంక రాకపాయె" అని తొవ్వ చూసేవాళ్లు. ఎల్లస్వామి మాత్రం పసుపు కాళ్లతో ఊరికి పోయి, "ఈ వయసులో ఎవర్ని చేసుకుని వస్తున్నవు" అని పెళ్లాం అడిగిన దానికి చాలా రోజులు జవాబు వెతుక్కున్నాడట.

ఇక ఒక్క మాట మిగిలింది. ఆ కాలపు కారులో నీళ్లు తగ్గితే వెలిగే లాంపు ఎక్కడిదని బండ్ల సంగతి తెలిసినవాళ్లు అడుగుతారు. అడగాల్సిందే. ఆ లాంపు లేదు. జీలుగు బెండు, రాగితీగ, గురిగింజ, అన్నీ పెట్టింది ఈ చెయ్యే. అక్కడున్నది ఇంజను వేడి చూపాల్సిన, ఎప్పుడో చచ్చి పడుకున్న ఒక ముల్లు మాత్రమే, నీళ్ల సంగతి ఐలేశానికి ఆవిరే చెప్పేది. మరి ఆ చివరి పొద్దున లాంపు లేకుండా ఎలా తెలిసిందంటారా? అండాలమ్మ కాళ్లు ఉన్నాయి కదా, అంతకన్నా పెద్ద లాంపు ఏం కావాలి. కాకపోతే అది ఎర్రది కాదు, పచ్చది. మోట తాడు మీద సేటూ, బీరపాదుకు గుంజైన కర్రా, ముసలమ్మ మోకాళ్లూ మాత్రం అచ్చంగా నిజం.

మీసం మీద ఒట్టు సంగతి కూడా అడిగేటట్టున్నారు. చిన్నప్పటి నుంచి నున్నగా గీయించుకునే మూతి ఇది. లేని మీసం మీద వేసిన ఒట్టుకు లేని లాంపే సరిజోడు.